ఆదివారం సోడియం

మార్చి 3, 2002. దొడ్డబళ్ళాపురం

బెంగళూరు వీధి దీపాలన్నీ పసుపే. ఆ గోల పడలేక, పసుపు వెలుతురు కొలిచే నా మిషన్‌ని బస్సెక్కించి ఇక్కడ నంజమ్మగారి మిద్దె మీద పెట్టాను. కింద గది అద్దెకి నాది. ఉల్కలు రాల్చిన సోడియం తొంభై కిలోమీటర్ల పైన పొరలా ఉంటుంది. పొద్దుగూకాక కూడా అక్కడ ఎండ తగిలి పసుపుగా మెరుస్తుంది. అది ఎంతుందో తెలిస్తే, లేజర్ కొట్టి అక్కడొక నకిలీ నక్షత్రం వెలిగించొచ్చు. దాన్ని చూసి టెలిస్కోప్ తన చూపు సరిచేసుకుంటుంది. నంజమ్మగారికి ఇదంతా చెప్పాను. ఆకాశంలో ఉప్పు వెతుకుతుండావా అంది. దాదాపు అంతే, ఉప్పులో ఉండేదీ సోడియమే.

నెలాఖరుకి రివ్యూ. కొత్త సంగతేదీ చూపించకపోతే ఫెలోషిప్ ఆగిపోతుంది, పీహెచ్‌డీ అటకెక్కుతుంది.

ఈ సాయంత్రం గ్రాఫ్‌లో పెద్ద పీక్!

మార్చి 10

మళ్ళీ పీక్. వారమంతా చప్పగా ఉండి ఇవాళ లేచింది. ఉల్కల ధూళే! పేపర్‌కి టైటిల్ కూడా పెట్టేశాను.

మార్చి 11

గైడ్ అమరనాథ్ సార్‌కి ఫోన్ చేశా. తేదీలు అడిగారు, రెండూ ఆదివారాలే. ఆకాశానికి ఆదివారమని ఎవరు చెప్పారమ్మా అన్నారు.

కుళ్ళు.

మార్చి 17

కంప్యూటర్ వదిలేసి మిద్దె మీదే కాపు కాశాను. చీకటి పడుతుండగా నంజమ్మగారు నిప్పుల కుంపటితో వచ్చింది. పిడికెడు ఉప్పు మిషన్ చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. చిటపటా పసుపు మంట. వీధిలో అందరి కళ్ళూ దీని మీదే ఉండాయి తల్లీ, అందుకే ఆదివారం ఆదివారం దిష్టి తీస్తుండా అంది. ఎంత ప్రేమగా అందో! కూలబడి ఏడ్చాను. నాక్కూడా తీసింది.

మార్చి 27

రివ్యూ. కుంపటితో సహా అన్నీ చెప్పేశాను. కమిటీ వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. అమరనాథ్ సార్ నేల చూపులు చూశారు. చివరికి కమిటీ వాళ్ళే, ఏప్రిల్‌లో ఉల్కలు రాలే రోజులున్నాయి కదా, అప్పుడు నిజం పీక్ ఒక్కటి చూపిస్తే ఫెలోషిప్ ఉంటుందన్నారు. లేకపోతే సర్దుకోమన్నారు.

మిద్దె మీద ఉప్పు వేయొద్దని నంజమ్మగారికి దణ్ణం పెట్టి చెప్పాను. మిషన్‌కి పై ఉప్పుకీ పొయ్యి ఉప్పుకీ తేడా తెలియదన్నాను. సరేలే తల్లీ అంది.

ఏప్రిల్ 20

మబ్బు.

ఏప్రిల్ 21

మబ్బు, వాన. నా మొహం.

ఏప్రిల్ 22

ఉల్కలకి ఇదే ఆఖరి సాయంత్రం. మబ్బే. నంజమ్మగారు వచ్చి పక్కన కూర్చుంది. ఈ పొద్దు కూడా పైన ఉప్పు దొరకలేదా తల్లీ అని అడిగింది. లేదన్నాను. పోనీ నేను రవ్వంత వేసేదా అంది.

వద్దనడానికి చాలాసేపు పట్టింది.