గిర్జాఘర్‌కి దారి

మిడిల్ పాయింట్,
బుధవారం.

సిస్టర్ ఫిలోమిన గారికి నమస్కారాలు.

మీ సిస్టర్ల సభను స్థాపించిన మదర్లిద్దరూ ఈ దీవిలో ఓడ దిగి చర్చికి నడిచిన దారిలో ఆదివారం మీరంతా యాత్ర చేస్తున్నారని విన్నాం. చాలా సంతోషం. కానీ మీరు పెట్టుకున్న దారి తప్పు, సిస్టర్. అబర్డీన్ బజార్ నుంచి వాళ్ళు సీదా చర్చికి వెళ్ళలేదు. మా ఇంటికి వచ్చారు.

హిందీలో చర్చిని గిర్జాఘర్ అంటారు కదా. వాళ్ళు కుళాయి దగ్గర మా పక్కింటి యర్రమ్మను "గిర్జాఘర్ కిధర్ హై?" అని అడిగారట. యర్రమ్మ అప్పుడే శ్రీకాకుళం నుంచి వచ్చింది. ఘర్ అంటే ఇల్లని మాత్రం తెలుసు. గిరిజ ఇంటికి చుట్టాలొచ్చారనుకుని, సంచులు తనే మోసుకొచ్చి మా నాయనమ్మ గిరిజకు అప్పగించింది.

తెల్లచీరలు చూసి నాయనమ్మ, "పాపం, ఇద్దరికీ మొగుళ్ళు పోయారేటి" అని ఏడ్చి, చేపల పులుసుతో అన్నం పెట్టింది. వాళ్ళు కడుపునిండా తిని, వరండాలో పడుకుని, మర్నాడు నాయనమ్మను వెంటబెట్టుకుని చర్చికి వెళ్ళారు. ఇప్పటికీ ఈ వీధిలో గిర్జాఘర్ అంటే మా ఇల్లే. ఆటో భయ్యాలు కూడా ఇక్కడికే తెస్తారు.

నాయనమ్మ నిన్నట్నుంచి వరండా కడుగుతోంది. "పెద్దోళ్ళ అడుగుల్లో నడుస్తామంటే, ఆళ్ళు దారి తప్పిన కాడ ఈళ్ళూ తప్పాల గదేటి" అంటోంది. ఎంతమంది వస్తారో కబురు చేస్తే చేపలు తెప్పిస్తాం.

యర్రమ్మ ఆదివారం కుళాయి దగ్గరే నించుంటానంది. దయచేసి ఆమెను దారి అడగండి.

మీ కోసం చూస్తూ,
గిరిజ మనవరాలు