నీ నొసటి ఉప్పు

మీనూ,

నువ్వు పోయి రేపటికి రెండేండ్లు. ఈ పొద్దు నీ చెల్లెలి చెమట పరీక్ష కాగితం ఇచ్చినారు. దానికి నీ జబ్బు లేదు. మీ నాయన ఆ కాగితం పట్టుకొని ఆస్పత్రి మెట్లమీదే కూర్చుండిపోయినాడు.

నిన్ను ముద్దు పెట్టుకొన్నప్పుడల్లా నొసలు ఉప్పగా తగిలేది. సముద్రం గాలి అనుకొంటిని. "రోజూ బీచ్‌కి ఏంది, పాప ఒళ్ళంతా ఉప్పు" అని మీ నాయనను తిట్టి, నీ మొహం కడిగేదాన్ని. కడాకు బీచ్‌కి పోవడమే మానిపిస్తిని. నువ్వు చెప్పులు చేత పట్టుకొని వాకిట్లో నిలబడి ఏడిస్తివి.

డాక్టరమ్మ తర్వాత చెప్పింది. మన కణాల పైన ఉప్పుకు దోవ ఇచ్చే ప్రోటీన్ ఒకటి ఉంటుందంట, తలుపు మాదిరి. చెమటలో ఉప్పు ఆ దోవనే మళ్ళా ఒంట్లోకి పోవాలంట. నీకు ఆ తలుపు తెరుచుకోలేదు. ఉప్పు చర్మం మీదే నిలిచిపోయింది, ఎదలో కఫం జిగురై గట్టిపడింది. ఆ ఉప్పు నీదే తల్లీ, సముద్రానిది కాదు. నేను దాన్ని కడుగుతా ఉంటిని.

సాయంత్రం చెల్లెల్ని ఎత్తుకొని బీచ్‌కి పోతిని. "చంటిబిడ్డకు గాలి తగులుతుందే" అని మీ అవ్వ అరిచినా వినలేదు. చీకటి పడేదాకా కూర్చుంటిమి. ఇంటికొచ్చి దాని నొసలు ముద్దు పెట్టుకొంటే ఉప్పగా తగిలింది. ఈ ఉప్పు సముద్రానిదే.

అవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చింది. కడగనియ్యలేదు. మీ నాయనను పిలిచి, "నీళ్ళు తగలకముందే నువ్వూ ఒక ముద్దు పెట్టుకో" అంటిని.

మీ అమ్మ