డబ్బకు ఏసిన రంగు

ఘుగ్గుస్
12 నవంబర్, బుధవారం, పొద్దుగూకే యాళ్ల

క్రిస్టినా అక్కకు తమ్ముడు స్టాన్లీ వందనాలు. అమ్మకు గూడ చెప్పు. నువ్వు కాన్పుకు అమ్మకాడికి కోఠారి పోయినకాంచి నేను, బావ క్వార్టర్ల మంచిగనే ఉన్నం. బావ వండితె పప్పు, నేను వండితె గూడ పప్పే. అక్కా, ఫోన్ కలిసినా నాకు నోరు రాదు, నీకు తెలుసు కదా. అందుకే టైప్ చేస్తున్న. సండే స్కూల్ల నేర్చిన తెలుగు, తప్పులుంటె నవ్వకు.

మొదలే ఒక మాట చెప్త. బావ ఇయ్యాల బొగ్గు బాయిల దిగలే. భయపడకు. ఎందుకు దిగలేదో ఆఖర్ల చెప్త.

మా ఫ్యాక్టరీల చేస్తున్న డబ్బ సంగతి నీకు ఎరికే. బాయిల కప్పుకు బిగిస్తరు. కప్పు జెర కదిలినా లోపల తీగ గుంజుతది, ఎర్ర లైటు బుగ్గ వెలుగుతది, మనుషులు ఉరికి బయటపడ్తరు. కనిపెట్టింది సర్కారు లాబ్ ఓళ్లు. వాళ్లు ఫ్యాక్టరీ పెట్టరు కదా, మా సేటుకు నేర్పిచ్చిండ్రు, చేసి బాయిలకు ఇయ్యమని. లాబ్ మేడం నాగ్‌పూర్ నుంచి వచ్చి మా పక్కన స్టూల్ మీద కూసోని ఒక్కొక్కటి చేపిచ్చింది. నా అసుంటోన్ని గూడ బేటా అనేది. ఆమె ముందట చేసిన ప్రతి డబ్బకు తీగ గుంజితె బుగ్గ వెలిగింది. అందరం సప్పట్లు కొట్టినం.

మేడం పోయినంక డబ్బలు బాయోళ్లకు అప్పజెప్పే ఫంక్షన్ పెట్టిండ్రు. సేటు చూసి, ఏందిది పాత రేకు లెక్క ఉన్నది, ఫొటోల మంచిగ రావాలె, పచ్చరంగు కొట్టుండ్రి అన్నడు. ఫోర్మన్ ధనరాజ్ స్ప్రే పట్టిండు. హల్దీ కుంకూ పెట్టిండ్రు, కొబ్బరికాయ కొట్టిండ్రు. పెండ్లిపిల్ల లెక్క మెరిసినయి అక్కా. అవ్వే తీస్కపోయి బావోళ్లు పనిచేసే కాడ బిగిచ్చిండ్రు.

ఇయ్యాల పొద్దుగాల ఒక డబ్బ మిగిలి ఉంటె ఊకెనే తీగ గుంజిన. రాలే. గట్టిగ గుంజిన, రాలే. తీగ జారే సందుల రంగు సొచ్చి గట్టిపడ్డది.

ధనరాజ్‌కు చూపెట్టిన. తూ కాయ్ సాయెబ్ ఝాలాస్ కా, నువ్వేమన్న పెద్ద సాబ్ అయినవా అని అందరి ముందట నవ్విండు. లాబ్ ఓళ్లే పాస్ చేసిండ్రు, నీ నోరు ముయ్ అన్నడు. వాళ్లు పాస్ చేసింది రంగు ఎయ్యకముందు కదా అందామనుకున్న. నోట్లెకు వచ్చింది, బయటికి రాలే.

పగటి బువ్వకు వచ్చి బావకు చెప్పిన. మస్తు నవ్విండు. ఏందిరా బామ్మర్దీ, నువ్వు చేసిన డబ్బ నన్ను సంపుతదా, మీ అక్క ఊకుంటదా అన్నడు. కనీసం కట్టెతోని కప్పు కొట్టి, డొల్లగున్నదేమో సప్పుడన్న ఇను బావా అని బతిలాడిన. గది ముసలోళ్ల పని, నా బామ్మర్ది డబ్బ ఉండంగ నాకు కట్టె ఎందుకు అన్నడు. అక్కా, డబ్బలు బిగిచ్చినకాంచి ఎవ్వలు కప్పు కొడ్తలేరట. గది ఇన్నంక బువ్వ ఇడిసి లేసిన.

మేడంకు మెసేజ్ పెట్టిన, జవాబు లేదు. రెండో షిఫ్ట్ యాళ్లకు బాయి గేటు కాడికి ఉరికిన. బావతోని పనిచేసే రాయమల్లు మామ వాళ్లంత నా ముందటికెళ్లే దిగిండ్రు. ఏం పిల్లగా, బావకు టిఫిన్ తెచ్చినవా అనుకుంట పోయిండు మామ. నేను తల ఊపిన. ఆపలేకపోయిన. గోడకు ఆనుకోని యేసయ్యా యేసయ్యా అనుకుంట నిలబడ్డ.

అప్పుడు వచ్చింది మేడం జవాబు. రంగు ఎవరు ఎయ్యమన్నరు బేటా, ఆ డబ్బలను నమ్మొద్దని ఎంటనే చెప్పు, నేను బయలెల్లుతున్న అని. కింద ఇంకోటి గూడ రాసింది. చెయ్యాల్సినయి అన్ని నేర్పిన, ఇది చెయ్యొద్దని చెప్పాలని నాకు తోచలే అని.

బాయిల కప్పు మంచిగున్నదా లేదా చూసే శంకరయ్య సర్దార్ గేటు కాడ్నే ఉన్నడు. ఫోన్ ఆయన చేతిల పెట్టిన. సదివిండు, నా మొఖం చూసిండు. ఈ సంగతి నీ బావకు తెలుసా అన్నడు. తల ఊపిన. బాయి ఫోన్‌ల, పని బంద్ చెయ్యుండ్రి, కట్టెలు పట్టుండ్రి అని ఒర్లిండు. తాను గూడ దిగిండు.

ఎంతసేపయిందో నాకు తెల్వదు. అందరు పైకి వచ్చిండ్రు అక్కా. ఒక దగ్గర కప్పు కొడ్తె డొల్ల సప్పుడు వచ్చిందట. వాళ్లు ఎనుకకు జరిగినంక పెద్ద పెళ్ల ఊడి పడ్డదట. పక్కన డబ్బ మంచిగ మెరుసుకుంట ఉన్నది, బుగ్గ మాత్రం వెలగలే. రాయమల్లు మామ నా నెత్తి మీద ఒక్కటి కొట్టి, బాడుకావ్, నోరుండి మూగోని లెక్క ఎందుకుంటవురా అన్నడు. అని ఏడ్సిండు.

రేపు ధనరాజ్ నన్ను లోపలికి రానియ్యడు కావచ్చు. కానియ్యి.

అమ్మకు నీకు దేవుడు తోడుండాలె.
నీ తమ్ముడు
స్టాన్లీ

ఒక మాట మిగిలింది అక్కా. బావ నా మాట ఇని ఆగలే. గేటు కాడ లైన్ల ఆఖర్ల నిలబడ్డోన్ని చెయ్యి పట్టుకోని, అక్కకు నొప్పులొచ్చినయట, కష్టంగ ఉన్నదట, అమ్మ ఫోన్ చేసింది అని అబద్ధం చెప్పిన. గది ఒక్కటే నోట్లెకెళ్లి వచ్చింది. బావ హెల్మెట్ పారేసి బండెక్కిండు. కోఠారికి వస్తుండు. తొవ్వంత బొగ్గు లారీలు, చీకటయితుంది, ఆయన ఎంత జోరుగ పోతడో నీకు తెలుసు. ఫోన్ చేస్తె ఎత్తుతలేడు. నీది, అమ్మది కలుస్తలేవు. టవర్ దొరకంగనే ఇది నీకు వస్తది. బావ నీ గడపల కాలు పెట్టంగనే ఒక్క మిస్డ్ కాల్ ఇయ్యి అక్కా. నేను గేటు కాడ్నే కూసున్న.