తోమిన డాలర్లు

దుబాయ్,
8 మే 1986

జ్ఞానరాజు బావగారికి,

మీ చెల్లెలి చివరి రోజు ఎలా గడిచిందని అడిగారు. అది ఈస్టర్ ముందు రోజు. పరిమళ ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చి, పండక్కని ఇంట్లో ఉన్న ఇత్తడి, వెండి అంతా చింతపండుతో తోమింది. సాయంత్రం గుండెల్లో నొప్పి అంది. తను పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్లాను. గంటలో పోయింది.

అమెరికన్ పేషెంటు ఒకాయన పరిమళకిచ్చిన వెండి డాలర్ల సెట్టు అమ్మి, ఇక్కడి సమాధికి పాలరాయి వేయించమన్నారు మీరు. కొత్త సెట్లకు ధర పెరుగుతున్న మాట నిజమే. ఇక్కడి నైఫ్ బజారులో నాణేల వ్యాపారి ఆత్రంగా పెట్టె తెరిచి, ఆగిపోయాడు.

"అరే భాయ్, వీటిని తోమిందెవరు?"

"నా భార్య. పండక్కి."

"సేకరించేవాళ్లకు చెయ్యి తగలని నాణేలే కావాలి. ఇక ఖలాస్, వెండి తూకమే వస్తుంది. ఇంటికెళ్లి భాభీని తిట్టకు."

తిట్టనన్నాను.

తూకానికి ఇవ్వబుద్ధి కాక తిరిగి తెచ్చేశాను. పాలరాయి ఇప్పట్లో కుదరదు, క్షమించండి. రేపు శుక్రవారం, నాకు సెలవు. పొద్దున్నే శ్మశానానికి వెళ్లి, పరిమళ పేరు రాసిన చెక్క పలక నాటి వస్తాను.