కొత్త మెషిన్ దగ్గర నాలుగు శుక్రవారాలు

పటమట, విజయవాడ
ఆదివారం

ప్రియమైన హజరా ఆపాకి తమ్ముడు మస్తాన్ సలాములు.

నేను బాగానే ఉన్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది, బావ దగ్గు తగ్గిందా, పిల్లలు బడికి సరిగ్గా వెళ్తున్నారా, అన్నీ రాయి. మళ్ళీ చెబుతున్నాను, నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను. ఇక్కడి హోటలు సాంబారులో పప్పు వెతుక్కోవాలి గానీ కడుపు మాడ్చుకోవడం లేదు. గదికి వస్తే మాత్రం పలకరించే దిక్కు లేదు. ఈ వానలకు బట్టలు ఆరడం లేదు. చల్లపల్లి నుంచి ఎవరైనా వస్తుంటే అమ్మ చేతి నిమ్మకాయ పచ్చడి కొంచెం పంపు.

ఈ సంగతి ఫోనులో చెప్పలేదని కోప్పడకు. బూత్‌లో వెనకాల నిలబడ్డవాళ్ళంతా వింటుంటారు. ఇది నలుగురిలో చెప్పుకునేది కాదు.

మన ఊళ్ళో ఫ్లెక్స్ వచ్చి నా బోర్డులు రాసే పని ఎలా ఊడగొట్టిందో నీకు తెలుసు. ఇక్కడ సాంబశివరావు గారి శుభలేఖల ప్రెస్సులో స్క్రీన్లు చేసే పని దొరికినప్పుడు, దీన్ని ఏ మెషినూ లాక్కోలేదని ధైర్యంగా ఉన్నాను. చట్రానికి బిగించిన సిల్కు బట్టకు మందు పూసి, ఆరాక దానిమీద అక్షరాల ఫిల్ము పరిచి, లైటు చూపించి కడగాలి. అక్షరాలున్న చోట మందు పోతుంది. అందులోంచి రంగు దిగి కార్డు మీద పడుతుంది. ఫిల్ము వెంట్రుకవాసి జరిగినా పెళ్ళికొడుకు పేరు వంకర పోతుంది. నా చేతిలో ఒక్కటీ వంకర పోలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు ఆపా, నిజం.

శ్రావణం మొదట్లో ఆయన బొంబాయి నుంచి ఒక మెషిన్ తెప్పించారు. దానికి ఫిల్ముతో గానీ, ఫిల్ము పరిచే నా చేతితో గానీ పని లేదు. కంప్యూటర్లో ఉన్న అక్షరాలను తిన్నగా బట్ట మీదే నల్ల ఇంకుతో చల్లేస్తుంది. అమ్మినతను చెప్పినంత వేగం లేదు, కరెంటు పోతే మొదటి నుంచి మొదలుపెట్టాలి. అయినా బాగా చేసినప్పుడు ఎంత బాగా చేస్తుందంటే, చూసి నా గుండె జారిపోయింది. విజయవాడలోని ప్రెస్సుల వాళ్ళందరూ దీని మీదే కన్నేశారు. మా దగ్గర పనిచేస్తే తామూ కొంటారు, లేకపోతే లేదు.

తీరా చూస్తే అది ప్రతి శుక్రవారం మధ్యాహ్నం చెడిపోవడం మొదలుపెట్టింది. అక్షరాలు మధ్యలో తెగి పక్కకు జరిగేవి. శనివారమూ అంతే. సోమవారానికి కొంత నయం, మంగళవారానికి మామూలు. కంపెనీ మనిషి హైదరాబాదు నుంచి వచ్చేసరికి బుధవారం అయ్యేది. అప్పుడది పెళ్ళిచూపుల్లో పిల్లలా బుద్ధిగా ఉండేది. తేమ వల్ల అని ఒకసారి, కరెంటు వల్ల అని ఒకసారి చెప్పి వెళ్ళిపోయాడు. సగం అచ్చయిన శుభలేఖలు మూటలు కట్టి మూల పడేశాం. ముహూర్తాలు దగ్గర పడి పెళ్ళివారు వచ్చి గుమ్మంలో కూర్చునేవారు.

మూడో శుక్రవారం కటింగ్ దగ్గర ఉండే రాంబాబు అందరూ వినేలా, "మస్తాన్ నమాజుకెళ్ళి వచ్చాకే ఇది ఎందుకు చెడుద్దో అతన్నే అడగండి" అన్నాడు. ఆ సాయంత్రం సాంబశివరావు గారు నా దగ్గర ఉండే మెషిన్ గది తాళం తీసేసుకున్నారు. ఆయన తిట్టినా అంత బాధ ఉండేది కాదు. వచ్చే శుక్రవారం కూడా చెడితే మెషిన్ తిప్పి పంపేసి పాత పద్ధతే చేసుకుందామని మర్నాడు అందరికీ చెప్పారు. అది విని లోపల సంతోషించాను. సంతోషించినందుకు సిగ్గూ పడ్డాను.

మొన్న శుక్రవారం జుమ్మా నమాజు వదిలేసి మెషిన్ ఎదురుగా స్టూలేసుకుని కూర్చున్నాను. అల్లా క్షమించాలి. సరిగ్గా ఆ వేళకు సాంబశివరావు గారి భార్య జయమ్మ గారు ఇంట్లో పూజ ముగించుకుని పళ్ళెంతో వచ్చారు. శ్రావణ శుక్రవారం కదా. వస్తూనే నా చేతిలో శనగలు పెట్టారు. ఇక్కడ బొట్టు లేని మెషిన్ ఉండదు, కటింగుకు పెడతారు, కంప్యూటరుకు పెడతారు, అందుకే ఎవరూ దాన్ని పట్టించుకోరు. ఆవిడ మూత ఎత్తి లోపల పొడవునా మెరిసే సన్నని పట్టీకి తడివేలితో వరసగా బొట్లు పెట్టారు. ఇంకు చల్లే తల తానెక్కడుందో తెలుసుకునేది ఆ పట్టీని చూసే. అది అటూ ఇటూ తిరగ్గా తిరగ్గా, ప్రతి శుక్రవారం పెట్టిన కుంకుమ రాలిపోయి మంగళవారానికి శుభ్రపడుతోందన్న మాట.

గదిలో మేమిద్దరమే. ఊరుకుంటే నా పని నిలబడుతుంది. చెబితే, తురక కుర్రాడు బొట్టు వద్దన్నాడని మాట పుడుతుందేమో. ఆవిడ మూత దించబోతుంటే లేచి నిలబడ్డాను.

"అమ్మా, మీరేమీ అనుకోనంటే ఒక మాటండీ. బొట్టు అక్కడ పెట్టకూడదండీ."

"బొట్టు పెట్టొద్దంటున్నావా?" ఆవిడ ముఖం మారిపోయింది.

"పెట్టాల్సిందేనండీ. ఇదిగో, ఈ మూత మీద పెట్టండి. ఆ పట్టీ దానికి కన్నులాంటిదండీ. కంట్లో కుంకుమ పడితే మనకి మాత్రం కనపడుద్దా?"

ఆవిడ వంగి ఆ పట్టీని దగ్గరగా చూశారు. తర్వాత పళ్ళెంలోని వత్తుల పత్తి తీసి, నన్ను అడుగుతూ తానే మెల్లగా తుడిచారు. మెషిన్ వేశాను. సాయంత్రం దాకా ఒక్క అక్షరం జరగలేదు.

సాంబశివరావు గారు రాగానే ఆవిడ అందరి ముందూ, "దీన్ని చెడగొట్టింది నేనేనండీ. ఆ అబ్బాయిని ఎవరూ ఏమీ అనొద్దు" అన్నారు. రాంబాబు తల వంచుకుని కాగితాలు సర్దుకున్నాడు. సాంబశివరావు గారు నా భుజం మీద చెయ్యి వేసి, "నిన్ను అనుమానించాను మస్తాన్, మనసులో పెట్టుకోకు" అన్నారు. ఆ చెయ్యి తియ్యకుండానే, "ఇక మెషిన్ ఉంటుంది. వచ్చే నెల నుంచి స్క్రీన్ల గదిలో మనిషితో పని లేదు. వేరే చోట చూసుకో నాయనా" అన్నారు. రెండు మాటలకూ సరేనండీ అన్నాను.

కోపం వచ్చింది ఆపా. ఆయన మీద కాదు, నా నోటి మీద. నిన్న ఇద్దరు ప్రెస్సుల వాళ్ళు వచ్చి మెషిన్ చూసి, కంపెనీ వాళ్ళ నంబరు రాసుకుని వెళ్ళారు. ఇక నేను ఎవరి గుమ్మం ఎక్కి అడగాలో తెలియడం లేదు. కానీ తాళం నా చేతికి తిరిగి ఇచ్చారు. నెలాఖరు దాకా నా దగ్గరే ఉంటుంది.

నువ్వేమీ దిగులు పడకు. వేళకు తింటున్నాను. బావకు సలాములు చెప్పు, పిల్లలకు ముద్దులు, నా కోసం దువా చెయ్యి. నేను చేసింది తెలివితక్కువ పని అనిపిస్తే ఈ ఉత్తరం నీ దగ్గరే దాచుకుని నన్ను తిట్టు. కాదనిపిస్తే అమ్మకు చదివి వినిపించు.

నీ తమ్ముడు
మస్తాన్