తెర వెనక హాజరు

1948, సెప్టెంబరు 6, సోమవారం

ఇవాళ మళ్లీ ఆ తెర మీదే విసుక్కున్నాను. క్లాసులో మా ఆడపిల్లల బెంచీల ముందు వేలాడే ఆకుపచ్చ గుడ్డ. దుమ్ము, తుమ్ములు. నల్లబల్ల కనపడదు, ప్రొఫెసర్ సాబ్ కనపడరు. చరిత్రయినా, రాజనీతి అయినా మాకు ఒట్టి గొంతే. పక్కన కూర్చునే ఖుర్షీద్ నవ్వింది — "గీ పర్దా లేకుంటె మా అబ్బా నన్ను గేటు దాటనిస్తడా? తిట్టకు దాన్ని." నిజమే కావచ్చు. నా తుమ్ములు మాత్రం ఆగలేదు.

సెప్టెంబరు 13

నిజాం మీదికి యూనియన్ సైన్యం బయలుదేరిందట. కాలేజీ మూసేశారు. నాన్న బడి నుంచి పెందలాడే వచ్చి రేడియో ముందు కూర్చున్నారు. అమ్మ బైబిలు తెరిచింది — చదవడం లేదు, ఊరికే ఒళ్లో పెట్టుకుంది.

సెప్టెంబరు 18

అయిపోయింది. నిజాం లొంగిపోయాడని నిన్న సాయంత్రం రేడియోలో చెప్పారు. మా మెట్టుగూడ వీధుల్లో జెండాలు, మిఠాయిలు. నాన్న ఎన్నాళ్లకో కాళ్లు చాపుకుని కాఫీ తాగారు. నాకూ సంతోషమే, అబద్ధమెందుకు.

రెజిమెంటల్ బజారులో ఖుర్షీద్ వాళ్ల సైకిళ్ల దుకాణం మూసే ఉందట. ఆమె అన్న సలీం భాయి బీదరు అవతల ఏదో పల్లెలో బడిపంతులు. ఆ వైపు ముస్లిముల ఇళ్ల గురించి వినపడేవి మంచి మాటలు కావు. ఆయన కబురు లేదు.

అక్టోబరు 11

కాలేజీ తెరిచారు. ఖుర్షీద్ రాలేదు.

రాజ్యం అంటే ఏమిటో చెప్పే పాఠం ఇవాళ జరగాలి. ప్రొఫెసర్ సాబ్ మొదటి వాక్యం చదివి ఆగారు. పేజీలు తిప్పిన చప్పుడు. తర్వాతి పాఠం మొదలుపెట్టారు.

అంతకుముందు హాజరు. "ఖుర్షీద్ బేగం" — నా నోరు దానంతటదే తెరుచుకుంది. సన్నగొంతు పెట్టి "హాజిర్, జనాబ్" అన్నాను. తెర వెనక మా మొహాలు ఆయన ఎప్పుడు చూశారు గనక! ఒకరు రాకపోతే ఇంకొకరు పలకడం మాకు మామూలే. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. ఖుర్షీద్ బి.ఎ. పోవడానికి వీల్లేదు, అంతే. పక్కన కమల పమిట నోట్లో కుక్కుకుని నవ్వింది.

అక్టోబరు 19

రోజూ పలుకుతున్నాను. ఇవాళ ప్రొఫెసర్ సాబ్ కాసేపు ఆగి, ఖుర్షీద్ బీబీ గొంతు ఈమధ్య బొంగురుపోయింది, అల్లం కషాయం తాగమని చెప్పండి అన్నారు. తెర అవతల మగపిల్లలు గొల్లుమన్నారు. ఆయన నవ్వలేదు. తర్వాతి పేరుకు వెళ్లిపోయారు.

తెలుసు ఆయనకు. ఎన్నాళ్ల నుంచో...

అక్టోబరు 24, ఆదివారం

చర్చి నుంచి నేరుగా ఖుర్షీద్ ఇంటికి. వాళ్లమ్మ గడప దగ్గరే ఉంది. అడుగుల చప్పుడుకు గబుక్కున లేచి, నన్ను చూసి మళ్లీ కూర్చుంది. ఆ కూర్చోవడం చూడలేకపోయాను.

ఖుర్షీద్ సగమైంది. హాజరు సంగతి, అల్లం కషాయం సంగతి చెప్పాను. నవ్వింది. ఈ ఇంట్లో నవ్వు వినపడి నెల దాటిందని వాళ్ల అబ్బా అన్నారు. సలీం వచ్చిన మర్నాడే బిడ్డను కాలేజీకి పంపుతానని మాట కూడా ఇచ్చారు. వచ్చేముందు రెండు పాఠాలు చెప్పాను. చక్కగా అప్పజెప్పింది, నాకంటే బాగా. ఎప్పుడూ అంతే దొంగమొహం.

నవంబరు 8

తెర తీసేశారు. కొత్త కాలమట, ఇక పాతవన్నీ చెల్లవట. హాజరు పిలవడం అయ్యాక ఇద్దరు బంట్రోతులు వచ్చి లాగేశారు. మగపిల్లలు చప్పట్లు. నేనూ కొట్టాను, చేతులు మండేలా. నల్లబల్ల! ప్రొఫెసర్ సాబ్‌కు అంత పెద్ద గడ్డం ఉందని ఇవాళే తెలిసింది.

ఇంటికొచ్చే దారిలో తట్టింది — రేపు ఖుర్షీద్ పేరుకు ఎలా పలకను? పోనీ ఆమే వస్తుందనుకుంటే, తెర లేని క్లాసుకు ఆమెను పంపేదెవరు? అన్న జాడ లేని ఇంటికి ఇదొకటి. గోరుచుట్టు మీద రోకటిపోటు.

నవంబరు 9

పిలిచారు. ఖుర్షీద్ పేరుకు గైరుహాజరు.

నవంబరు 10

ఖుర్షీద్ వాళ్ల అబ్బాను బతిమాలడానికి వెళ్లాను. ఇప్పుడా వీధికి నీకెందుకమ్మా అని నాన్న అన్నారు. విననట్టు చెప్పులేసుకున్నాను.

బురఖా వేసుకునే కూర్చుంటుంది చాచా, పక్కన నేనుంటాను అన్నాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే వాదించేదాన్ని.

"పర్దా ఉన్నదని పంపిన, బేటీ. కొడుకు జాడ లేదు. లోకం గిట్లున్నప్పుడు బిడ్డను సుత నల్గురి కండ్ల ముందల ఎట్ల కూసోబెడుదు?"

టీ ఇచ్చారు, తాగి వచ్చాను.

నవంబరు 14, ఆదివారం

సలీం భాయి ఉన్న పల్లె వైపు నుంచి ఒక బట్టల వ్యాపారి వచ్చాడట. బడి కాలిపోయిందట. పంతులు? చూసినవాళ్లెవరూ లేరు. వాళ్లమ్మ నమ్మడం లేదు. వాకిట్లో నిలబడి పేరు పెట్టి పిలుస్తోంది, వీధి చివర కొడుకు కనపడినట్టే.

ఖుర్షీద్ పక్కన కూర్చుని కాలేజీ మాటే ఎత్తాను. రేపు అందరి ముందూ నీ పేరుకు పలుకుతాను, ప్రొఫెసర్ సాబ్ ఏమీ అనరు, నీ పరీక్ష పోనివ్వను అన్నాను. ఖుర్షీద్ నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మీ దినాం అన్నను పిలుస్తది. పలికెటోడు లేడు. నా పేరుకు సుత ఇంకొకరు పలుకుడు నాకొద్దు, సుగుణా."

ఆమె ఏడవలేదు. మెట్టుగూడ దాకా నేనే ఏడుస్తూ నడిచాను.

నవంబరు 15

ముందు వరసలో కూర్చున్నాను. నా పేరు, కమల పేరు అయ్యాయి. తర్వాత — "ఖుర్షీద్ బేగం."

ప్రొఫెసర్ సాబ్ తలెత్తి సరాసరి నన్నే చూశారు. అడుగుతున్న చూపు. ఒక్క మాట అంటే చాలు, రాసుకుంటారు. నాలుక చివర దాకా వచ్చింది. ఆమె వద్దంది... పెదాలు బిగబట్టాను. వెనక బెంచీలో ఎవరో దగ్గారు.

ఇంకోసారి పిలిచారు, మెల్లగా, ఇంట్లో పిల్లను పిలిచినట్టు.

నేను తల దించుకున్నాను. కలం కదిలిన చప్పుడు వినపడింది. హాజరని రాశారో, గైరుహాజరనో, నేను కూర్చున్న చోటు నుంచి కనపడలేదు.