తనిఖీకి ముందు వచ్చిన ఫోన్

అన్నా,

నీ మేనకోడలు మైథిలి బతికింది. భద్రాచలం దవాఖానాలో మూడు రోజులు సెలైన్ ఎక్కించి నిన్న ఇంటికి పంపారు. నువ్వు అడగలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

మీ ఆహార తనిఖీ ఆఫీసు వాళ్లు సోమవారం వస్తున్నారని మా వీధి కిరాణా కొట్టు సుదర్శనానికి నువ్వు ముందే ఫోన్ చేశావు. అతను గడువు దాటి ఉబ్బిపోయిన మామిడి రసం పాకెట్ల పెట్టె ఎత్తుకుని నేరుగా మా ఇంటికి వచ్చాడు. "మీ అన్ననే చెప్పిండు చెల్లే, పొద్దూకేదాకా ఉంచు" అన్నాడు. నీ పేరు విని మంచం కింద పెట్టించాను. మీ ఆఫీసర్లు కొట్టు చూసి, అంతా బాగుందని రాసుకుని వెళ్లిపోయారు. నేను మిరప చేనుకు వెళ్లినప్పుడు పిల్ల రెండు పాకెట్లు తాగేసింది.

"గిసొంటివి పిల్లలకు ఎట్ల ఇస్తరమ్మా?" అని డాక్టర్ అందరి ముందు అడిగాడు. నీకు ఫోన్ చేస్తే ఏమన్నావు? "పెట్టె సంగతి ఎవరికీ చెప్పకు, నా నౌకరి పోతది." అంతే. పిల్ల ఎట్లుందని ఒక్క మాట లేదు!

ఈరోజు ఇంకా మంచం కిందే ఉన్న ఆ పెట్టె తీసుకెళ్లి మీ పెద్ద ఆఫీసర్ బల్ల మీద పెట్టాను. నువ్వు సెలవులో ఉన్నావన్నారు. సుదర్శనం పేరు, నీ పేరు చెప్పాను. దాచింది నేనేనని కూడా రాసి సంతకం పెట్టాను. రేపు నిన్ను పిలుస్తారు.

నీ చెల్లెలు అని రాయడానికి చేయి రావడం లేదు.

మైథిలి తల్లి